వద్దన్న ఇంట్లో ఆరు చేపలు

పిల్లవాడు అడుగుతాడు. తండ్రి సరేనంటాడు. తల్లి మాత్రం వద్దంటుంది. చాలా ఇళ్లలో చేపల తొట్టె కథ ఇలాగే మొదలవుతుంది.

"ఏమిటికిరా ఈ పెంట? నీళ్లు ఎవురు మార్చాల? చచ్చిపోతే ఎవురు ఎత్తేయాల?"

శ్రీశైలం కొండమీదో, సున్నిపెంట కాలనీలోనో ఓ ఇల్లు అనుకోండి. ఇంటాయనకు దేవస్థానంలోనో, డ్యాం దగ్గరి విద్యుత్ కేంద్రంలోనో ఉద్యోగం. అవ్వాతాతలది ఆళ్లగడ్డ. ఏం కొనాలన్నా నంద్యాల వెళ్లాలి. గేట్లు మూశాక లింగాలగట్టు దగ్గర వలలో ఎగిరిపడే చేపల్ని చూసొచ్చిన పిల్లవాడికి ఇంట్లోనూ చేపలు కావాలి. తినడానికి కాదు, చూసుకోవడానికి. ఆ ఇంటి ఇల్లాలు వేసిన మూడు ప్రశ్నలకు తండ్రి దగ్గరా సమాధానం లేదు, కొడుకు దగ్గరా లేదు. "నేను చూసుకుంటాలే" అంటారు ఇద్దరూ. ఆ మాటకు ఆయుష్షు రెండు వారాలని ఆమెకు తెలుసు.

అదేం చిత్రమో, చేపలు పెంచడానికి ఆ ముగ్గురిలో ఎక్కువ అర్హత ఉన్నది ఆమెకే! ఇష్టం లేనివాళ్లు తక్కువ కొంటారు, తక్కువ మేత వేస్తారు, తొట్టెలో చేతులు పెట్టి కెలకరు. కొత్తవాళ్ల తొట్టెల్లో చేపలు ఆకలితో చచ్చేది అరుదు. అతి ప్రేమతోనే పోతాయి. కాబట్టి ఆమెను ఒప్పించాల్సిన పనిలేదు. ఆమె పెట్టే షరతులకు సరిపోయే చేపల్ని వెతికితే చాలు.

షరతులు కూడా గట్టివే. వారానికి అరగంటకు మించి పని ఉండకూడదు. ఊరెళితే చేపలు చావకూడదు. కరెంటు పోయినా బతకాలి. వేసవిలో తట్టుకోవాలి. పురుగుల మేత ఇంట్లోకి రాకూడదు. పిల్లల కళ్లముందు ఒకదాన్నొకటి తినకూడదు. ఈ చివరిదొక్కటే కాస్త కష్టం... దాని సంగతి తర్వాత.

గాజుగిన్నె వద్దు

మొదట వద్దనాల్సింది గుండ్రటి గాజుగిన్నెను. షాపులో కనిపించగానే పిల్లలు చెయ్యి చూపించేది దానివైపే. అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు గిరగిర తిరుగుతుంటే ముచ్చటగానే ఉంటుంది. మూడునాలుగు లీటర్ల నీళ్లు, పైన ఇరుకు మూతి, లోపలికి గాలి అందని ఆకారం. ఇటలీ రాజధాని రోమ్ నగరంలో 2005లో ఇలాంటి గిన్నెల్లో చేపలు పెంచడాన్ని ఏకంగా నిషేధించారు. మన దగ్గర అలాంటి నిబంధన లేకపోయినా చేప ఊపిరికి ఊరితో పనేముంది!

గోల్డ్ ఫిష్‌ది ఇంకో కథ. అన్ని షాపుల్లో దొరుకుతుంది, చవక, అందం. కొత్తవాళ్లకు అంటగట్టేదీ అదే. నిజానికి అది కొత్తవాళ్ల చేప కానేకాదు. పిల్లప్పుడు వేలెడంత ఉండేది సరైన చోటు దొరికితే జానెడు దాటుతుంది. తినేదీ ఎక్కువే, విసర్జించేదీ ఎక్కువే. పైగా చల్లటి నీళ్ల ప్రాణి. మే నెలలో నంద్యాల ఎండ దానికి శిక్ష. ఇక ఆయుష్షంటారా, ఇంగ్లండులో 1956లో జాతరలో గెలుచుకున్న ఓ గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో కన్నుమూసింది. మన గిన్నెల్లో అది మూడు వారాల్లో పోతోందంటే తప్పు చేపది కాదు.

నీళ్లెక్కడివి?

కొత్తగా చేపలు కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. ముందు చూడాల్సింది ఇంట్లో టీ కాచే గిన్నె! గిన్నె అడుగున, గీజరు కాయిల్ మీద తెల్లటి పొక్కు కడుతోందా? సబ్బు నురగ రాక విసిగిస్తోందా? అయితే ఆ ఇంటి నీళ్లు కఠినజలం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉన్నాయన్నమాట.

నంద్యాల చుట్టుపక్కల ఈ బాధ పాతదే. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు ఎటు వెళ్లినా నాపరాళ్ల గనులే. నాపరాయంటే సున్నపురాయే. ఆ ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసిందీ దానివల్లే. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లు రాయిని కాస్త కరిగించుకునే పైకి వస్తాయి. శ్రీశైలం కొండ సంగతి వేరు. ఇక్కడిది సున్నపురాయి కాదు, గట్టి క్వార్ట్‌జైట్. కొళాయిలో వచ్చేదీ చాలావరకు జలాశయంలోని కృష్ణ నీళ్లే. అంటే ఆళ్లగడ్డలో అవ్వ ఇంటి బోరు నీళ్లకు సరిపోయిన చేప సున్నిపెంటలో మనవడి ఇంటి నీళ్లలో అంత హాయిగా ఉండకపోవచ్చు. అటుది ఇటూ అంతే.

బోరు నీళ్లవాళ్లు దిగులుపడాల్సిన పనిలేదు. కఠినజలమంటే ప్రాణం పెట్టే చేపలున్నాయి. గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్ టెయిల్... ఈ నాలుగూ ఒకే కుటుంబం. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. నీళ్లలో లవణాలుంటేనే వీటికి ఒంట్లో సత్తువ. మెత్తటి నీళ్లలో రెక్కలు ముడుచుకుని అక్కడక్కడే వణుకుతూ ఉంటాయి. బోరు నీళ్లున్న ఇంట్లో కొన్న ఏంజెల్ చేపలు పోయాయని బాధపడి, అదే నీళ్లలో ఆపేక్ష లేకుండా పడేసిన గప్పీలు పిల్లాపాపలతో వర్ధిల్లడం చూసి ఆశ్చర్యపోయేవాళ్లకు కారణం ఇదే.

కఠినజలంతో ఒక చిక్కు మాత్రం ఉంది. దాన్ని షాపువాళ్లు చెప్పరు. చేపల విసర్జనలోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అదే నీళ్లు మెత్తగా ఉంటే అందులో ఎక్కువ భాగం పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. క్షారగుణం పెరిగేకొద్దీ విషరూపంలోకి మారిపోతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఆ విషభాగం దాదాపు పదింతలవుతుంది. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఇంకా ఎక్కువ. అందుకే నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ మేత విషయంలో చేసే చిన్న తప్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. ఒక తొట్టె, రెండు వేళ్లతో తీసిన చిటికెడు మేత... అంతే!

ఎవరిని తెచ్చుకోవాలి?

గట్టి నీళ్లున్న ఇంటికి ఆరు మగ గప్పీలు. మగవే ఎందుకంటే, రంగులన్నీ వాటికే ఉంటాయి. తోక జాజిరంగులోనో నీలంలోనో విసనకర్రలా ఉంటుంది. ఆడవి లావుగా, బూడిదరంగులో ఉంటాయి. ఒక్క ఆడ గప్పీని తెచ్చినా కథ మారిపోతుంది. నెలకోసారి ఇరవై ముప్ఫై పిల్లల్ని కంటుంది. షాపులో మగవాటితో కలిసి ఉన్నది ఒంటరిగా వచ్చినా సరే, ఆ బీజాన్ని నెలలపాటు దాచుకుని కంటూనే ఉంటుంది. కన్న పిల్లల్ని తనే తింటుంది కూడా. ఇల్లాలు పెట్టిన ఆఖరి షరతు ఇక్కడే ఉల్లంఘన అవుతుంది! మగవాటిని మాత్రమే కొంటే ఈ గొడవే లేదు. ఎలా గుర్తుపట్టాలి? కడుపు కిందుండే రెక్క మగదానికి సన్నటి పుల్లలా ఉంటుంది, ఆడదానికి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. షాపువాడు "అన్నీ మగవే సార్" అన్నా ఒకసారి వంగి చూసుకోవడం మంచిది.

మునిసిపాలిటీ వాళ్లు దోమల కోసం బావుల్లో వదిలే చేపలూ ఇలాగే ఉంటాయి. పిల్లలు వాటిని సీసాలో పట్టుకొచ్చి గప్పీలతో కలిపేస్తుంటారు. అవి చాలావరకు గంబూసియాలు. మన దేశానికి 1928లో వచ్చిన అమెరికా జాతి. రంగూ రూపూ లేకపోగా పక్క చేపల తోకలు కొరికే గుణం. గప్పీ విసనకర్ర తోక వాటికి తేరగా దొరికిన పీచుమిఠాయి.

కృష్ణ నీళ్లున్న ఇంటికి జీబ్రా డానియో మంచిది. పేరు విదేశీదిలా ఉన్నా ఇది మన దేశపు వాగుల చేపే. వెండి ఒంటిమీద నీలం చారలు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గురించి రాసిన గ్రంథంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ తర్వాత ఇది ప్రపంచంలోని జన్యుశాస్త్ర ప్రయోగశాలలన్నిటికీ పాకింది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైజింగర్ 1981లో ఈ చేపకు క్లోన్‌లు సృష్టించి చూపించాడు. ప్రయోగశాలలవాళ్లు దీన్నే ఎంచుకోవడానికి ఒక కారణం, ఇది అంత తేలిగ్గా చావదు. శ్రీశైలం కొండమీద డిసెంబరు చలికీ హీటరు అడగదు. ఒకటీ రెండూ తెస్తే బెదిరిపోతాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఆరు తేవాలి. గుంపుగా ఉంటే రోజంతా ఉరుకులు పరుగులే. తొట్టెకు మూత తప్పనిసరి, ఎగిరి దూకేస్తాయి.

ఇంత తొట్టెకు కూడా చోటులేని రెండు గదుల క్వార్టరైతే ఒకే ఒక్క ఫైటర్. అసలు పేరు బెట్టా. థాయిలాండ్ దాన్ని 2019లో తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మొప్పలతోపాటు, తల తొట్టె పైకెత్తి నేరుగా గాలి పీల్చుకునే అవయవం దానికి అదనంగా ఉంది. కాబట్టి కరెంటు పోయి పంపు ఆగినా దానికేం కాదు. ఆ బలాన్ని అడ్డం పెట్టుకునే షాపుల్లో దాన్ని గ్లాసెడు నీళ్లలో పెట్టి అమ్ముతారు. గ్లాసులో చావకుండా ఉండటం వేరు, బతకడం వేరు. పదిహేను ఇరవై లీటర్ల చిన్న తొట్టె ఇస్తే అది మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వస్తుంది. కుక్కపిల్లంత కాకపోయినా, పిల్లవాడు నా చేప అని చెప్పుకోవడానికి ఆ మాత్రం చాలు. రెండో మగదాన్ని మాత్రం తేకూడదు, రెంట్లో ఒకటి పోయేదాకా కొట్టుకుంటాయి. చలికాలం రాత్రులు దీనికి పడవు. కిటికీ పక్కన పెట్టకుండా, నీళ్లు 22 డిగ్రీలకంటే తగ్గుతుంటే చిన్న హీటరు పెట్టాలి. వయసు రెండుమూడేళ్లు. పిల్లవాడికి ఆ సంగతి కొనేరోజే చెప్పడం మంచిది.

తొట్టె ముందు, చేప తర్వాత

తండ్రులు చేసే తప్పు ఇక్కడ. తొట్టె, రాళ్లు, చేపలు అన్నీ ఒకే ఆదివారం తెచ్చేస్తారు. సాయంత్రానికి ఇల్లంతా సందడి. పదోరోజుకు ఒక్కొక్కటే వెల్లకిలా తేలడం మొదలవుతుంది. పిల్లవాడి ఏడుపు, తల్లి "నేను చెప్పలే!" అనడం, తండ్రి షాపువాణ్ని తిట్టడం... మూడూ ఒకేసారి.

జరిగేదేమిటంటే, కొత్త తొట్టెలో అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు ఉండవు. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం దాన్ని పెద్దగా హానిలేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్లమీద కాపురం పెట్టడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపలు తమ విషంలో తామే ఉంటాయి. తోడు లేకుండా పాలు పెరుగవుతాయా? ఇదీ అంతే. అప్పటికే నడుస్తున్న తొట్టె ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ల ఫిల్టరు స్పాంజిలోంచి ఓ ముక్క అడిగి తెచ్చి మన ఫిల్టరులో పెడితే పని సగం తగ్గుతుంది. దొరక్కపోతే రోజూ నాలుగు గింజల మేత వేస్తూ, చేప లేకుండానే తొట్టెను నెలరోజులు నడిపించాలి. ఖాళీ తొట్టెకు మేత వేయమంటే పిల్లవాడు నవ్వుతాడు. ఆ నెలరోజులూ మరచిపోకుండా వేశాడంటే మాత్రం చేపల్ని కూడా చూసుకుంటాడనే నమ్మకం తల్లికి కలుగుతుంది. ఇంతకన్నా మంచి పరీక్ష ఏ ఇంట్లోనూ లేదు!

తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుది తీసుకుంటే ఇంచుమించు 50 లీటర్ల నీళ్లు పడతాయి. పెద్ద తొట్టె అంటే పెద్ద చాకిరీ అనుకుంటారు. తిరగేసి చూడాలి. అయిదు లీటర్లలో రాలిన మేత గింజ ఆ నీళ్లను పాడుచేసినంత వేగంగా 50 లీటర్లను పాడుచేయలేదు. కాకపోతే బరువు. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి 70 కిలోల దాకా ఉంటుంది. టీవీ స్టాండు మీద పెట్టకూడదు. వరండాలో అసలే వద్దు. ఎండ తగిలితే నాచు పడుతుందని మాత్రమే కాదు, శ్రీశైలంలో కోతులున్నాయి. కొబ్బరిచిప్పను భక్తుడి చేతిలోంచి లాక్కుపోయేవి మూతలేని తొట్టెను వదులుతాయా!

ఆళ్లగడ్డ శిల్పాల ఊరు. రాతిముక్కలకు కొదవలేదు కదా అని తొట్టెలోకి ఏరుకొచ్చేవాళ్లుంటారు. తప్పులేదు. కానీ వేసేముందు రాయిమీద రెండు చుక్కలు నిమ్మరసం పిండి చూడాలి. బుసబుస నురగ వస్తే సున్నపురాయి. అది నీళ్లలో మెల్లగా కరిగి కాఠిన్యం పెంచుతుంది. గప్పీలున్న తొట్టెకు దానివల్ల ముప్పులేదు, ఫైటర్ తొట్టెకు వద్దు. నురగ రాకపోతే నిశ్చింతగా వేసుకోవచ్చు. నాపరాయి ముక్కతో ఈ పరీక్ష పిల్లలతో చేయించి చూడండి, బడిలో చెప్పిన రసాయనశాస్త్రం ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

వారానికి అరగంట

ఫిల్టరూ చేపలూ కుదురుకున్నాక ఇల్లాలు భయపడినంత పని ఉండదు. వారానికోసారి నాలుగోవంతు నీళ్లు తీసేసి కొత్తవి పోయాలి. అంటే ఓ బకెట్టు. తీసిన నీళ్లు తులసికోటలోనో, గులాబీ కుండీలోనో పోస్తే మొక్కకు ఎరువు. తొట్టె మొత్తం ఖాళీచేసి, సబ్బుపెట్టి తోమి, తళతళలాడించేవాళ్లు చేపలకు చేసే ద్రోహం ఇంతా అంతా కాదు. కష్టపడి కాపురం పెట్టిన బ్యాక్టీరియా అంతా ఆ తోముడులో పోతుంది. ఫిల్టరు స్పాంజిని కూడా తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కొళాయి కింద కాదు.

కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో పట్టి ఒకరోజు మూతలేకుండా ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. తొందరుంటే షాపుల్లో క్లోరిన్ విరుగుడు చుక్కల మందు దొరుకుతుంది. కృష్ణకు వరదొచ్చే ఆగస్టు, సెప్టెంబరుల్లో కాస్త జాగ్రత్త. నీళ్లలో ఒండ్రు ఎక్కువైనప్పుడు శుద్ధికి వాడే మందులూ ఎక్కువే పడతాయి. ఆ రోజుల్లో నీళ్లు కొంచెం కొంచెంగా మార్చడమే నయం.

వేసవిలో నీళ్లు ఆవిరైపోయి తొట్టె తగ్గుతుంది. తగ్గినంత పోసి నీళ్లు మార్చేశామనుకుంటారు చాలామంది. ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలన్నీ తొట్టెలోనే ఉంటాయి. రసం మరిగి మరిగి ఉప్పెక్కినట్టే ఇది. బోరు నీళ్లతోనే మళ్లీ మళ్లీ నింపితే రెండు నెలల్లో తొట్టె అంచున తెల్లటి గీత పడుతుంది. తీసి పోయడమే మార్చడం, ఊరికే పోయడం కాదు.

ఎండల్లో ఇంకో సంగతి. నీళ్లు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరులో 9 మిల్లీగ్రాములకు కాస్త పైగా ఇమిడేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. మధ్యాహ్నం చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే ఆకలనుకుని ఇంకాస్త మేత వేస్తారు. ఆకలి కాదది, ఊపిరాడకపోవడం. మూత కాస్త తెరిచి, పైన జాలీ కప్పి, టేబుల్ ఫ్యాన్ గాలి నీళ్లమీదుగా పోయేట్టు పెడితే రెండుమూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు వేయకూడదు. మన కూజా నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేసేది.

మేత రోజుకు ఒకపూటే. రెండు నిమిషాల్లో తినేసేంత. వారంలో ఒకరోజు ఉపవాసం పెడితే మరీ మంచిది. శ్రీశైలంలో సోమవారం ఉపవాసాలు ఉన్నవే, చేపలకూ అదేరోజు పెట్టేస్తే మరచిపోయే పనుండదు. ఎండబెట్టిన పురుగులే కొనాలనే నియమమేమీ లేదు, డబ్బాలో వచ్చే రేకుల మేతో గుళికలో చాలు. తొట్టె అంచున మనీప్లాంటు కొమ్మ పెట్టి వేర్లు నీళ్లలోకి వదిలితే పేరుకున్న నైట్రేట్‌ను అదే పీల్చుకుంటుంది. ఖర్చులేని పనిమనిషి!

ఘాట్ రోడ్డులో చేపలు

నంద్యాలలో కొన్న చేపలు ఆత్మకూరు, దోర్నాల మీదుగా కొండెక్కాలి. బస్సులో పూటంతా ప్రయాణం. సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా గాలి ఉండేట్టు కట్టించుకోవాలి. నీళ్లెక్కువుంటే మంచిదనుకుంటారు కానీ చేపకు కావలసింది ఆ పైనున్న గాలే. ప్రయాణానికి ముందురోజు వాటికి మేత వేయొద్దని షాపులో చెప్పాలి. సంచిని తువ్వాలులో చుట్టి ఓ బుట్టలో నిలబెట్టి ఒళ్లో పెట్టుకోవడమే. బస్సు ఇంజిను పక్కన పెడితే దోర్నాల చేరేసరికే పని అయిపోతుంది.

ఇంటికొచ్చాక సంచిని తొట్టె నీళ్లలో ఇరవై నిమిషాలు తేలనివ్వాలి. తర్వాత తొట్టె నీళ్లు గ్లాసెడు గ్లాసెడు చొప్పున సంచిలోకి పోస్తూ గంటసేపు ఓపికపట్టాలి. అక్కడివి బోరు నీళ్లు, ఇక్కడివి నది నీళ్లు. తేడాకు ఒళ్లు అలవాటు పడాలి కదా. ఆఖర్న చేపల్ని మాత్రం వలతో తీసి వదిలి, సంచి నీళ్లు పారబోయాలి.

పాతాళగంగలో వదలొద్దు

షాపువాడు పోతూపోతూ చేతిలో పెట్టే ఇంకో చేపుంది. నల్లగా, ఒంటినిండా చారలతో, అద్దానికి నోరతికించుకుని ఉంటుంది. "ఇది తొట్టె శుభ్రం చేస్తుంది సార్, మీకు పనుండదు" అంటాడు. వద్దన్న ఇల్లాలికి కూడా ఆ మాట రుచిస్తుంది. అదే సకర్ ఫిష్. దక్షిణ అమెరికా చేప. నాచు కొంత తింటుంది నిజమే, కానీ దాని విసర్జనే మిగతా అన్నిటికన్నా ఎక్కువ. మూడంగుళాల పిల్ల అడుగున్నర దాకా పెరుగుతుంది. ఏడాది తిరిగేసరికి తొట్టెలో అటు తిరగలేదు, ఇటు తిరగలేదు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు... "పాపం, కృష్ణమ్మలో వదిలేద్దాం. పుణ్యం."

ఆ పుణ్యం ఫలితాన్ని ఇప్పుడు జాలర్లు వలలో చూస్తున్నారు. ఒళ్లంతా ఎముక పలకల కవచం, రెక్కల్లో ముళ్లు. వలకు తగులుకుంటే తీయడం కష్టం, తెంచాల్సిందే. దెయ్యం చేపని వాళ్లు పిలిచేది అందుకే. కొనేవాడుండడు, దాన్ని తినగలిగే చేప కూడా మన నీళ్లలో తక్కువ. గట్లకు బొరియలు చేసి గుడ్లు పెడుతుంది, మన చేపల మేతకు పోటీ వస్తుంది. ఆంధ్రా, తెలంగాణల్లోని నదుల్లో, చెరువుల్లో ఇది చేరిపోయింది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో కలిసిన డీఎన్ఏను బట్టి ఈ చేప ఎక్కడెక్కడ ఉందో కనిపెట్టే పరీక్షను తయారుచేసి, తూర్పు కనుమల జలాశయాల్లో వెతికితే చాలాచోట్ల ఆనవాళ్లు దొరికాయి. లింగాలగట్టులో వలమీద బతికే కుటుంబాలకు ఇది రంగుచేపల సరదా కాదు, రేపటి కూడు.

కాబట్టి ఏ చేపైనా సరే, మోజు తీరినా, ఇల్లు మారినా, పాతాళగంగలోనూ కేసీ కెనాల్లోనూ వెలుగోడు రిజర్వాయరులోనూ వదలకూడదు. ఊరి బావిలో కూడా వద్దు. కొన్న షాపువాడే చాలాసార్లు వెనక్కి తీసుకుంటాడు. బడిలో తొట్టె ఉంటే అక్కడికివ్వచ్చు. సకర్‌ను మాత్రం అసలు కొనకపోవడమే. అద్దంమీది నాచుకు పాత స్పాంజి ముక్క చాలు.

శివరాత్రి పరీక్ష

శ్రీశైలంలో ఉద్యోగం చేసేవాళ్లకు మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలంటే పదకొండు రోజులు ఇంటిధ్యాస ఉండదు. వెంటనే ఉగాదికి కన్నడ భక్తుల రద్దీ. ఇల్లాలు పిల్లల్ని తీసుకుని ఆళ్లగడ్డకు వెళ్లిపోతుంది. చేపల సంగతి?

బయల్దేరే ముందు రెండురోజులకు నీళ్లు మార్చి, పంపు ప్లగ్గు గట్టిగా ఉందో లేదో చూసుకుని వెళ్లిపోవడమే. ఎదిగిన గప్పీలైనా డానియోలైనా వారంరోజులు మేత లేకుండా నిశ్చింతగా ఉంటాయి. అంతకుమించితే పక్కింటివాళ్లకు తాళం ఇవ్వాలి, మేత డబ్బా మాత్రం ఇవ్వకూడదు! చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి, తేదీ రాసి ఇవ్వాలి. డబ్బా ఇచ్చారా, పాపం ఆకలిగా ఉన్నాయని గుప్పెడు గుప్పెడు వేసి, మనం తిరిగొచ్చేసరికి నీళ్లు మజ్జిగలా చేసి పెడతారు. మంచివాళ్లతోనే ఈ ప్రమాదం.

పండగ రద్దీ తగ్గాక ఆమె తిరిగొస్తుంది. సంచి కింద పెట్టకముందే పిల్లవాడు తొట్టె దగ్గరికి పరుగెడతాడు. ఆమె చెప్పులు విడిచి, దీపం దగ్గరికి వెళ్లబోతూ అటువైపు ఓ చూపు చూస్తుంది. కిటికీలో రెండు పొట్లాలు విప్పకుండా మిగిలున్నాయి. నీళ్లు తేటగానే ఉన్నాయి. పెదవులు కదలకుండా లెక్కపెట్టుకుంటుంది... ఆరు.